గ్లిజరిన్‌లో రంగు వెనక్కి వస్తుంది, కాలువలో నీరు రాదు: ఎందుకు?

ఒక ఆక్రిలిక్ గొట్టం మధ్యలో దానికంటే సన్నటి గొట్టాన్ని నిలబెట్టి, రెండింటి నడుమ సందులో గ్లిజరిన్ పోసి, సిరంజితో ఆ సందులో ఒక రంగు బొట్టు వేస్తారు. లోపలి గొట్టాన్ని నెమ్మదిగా అయిదు చుట్లు తిప్పితే బొట్టు సాగి సాగి, పలచని పొరగా చుట్టుకుపోయి, కంటికి ఆనకుండా పోతుంది. చూసేవాళ్లు రంగు కలిసిపోయిందనే అనుకుంటారు. ఇప్పుడు అదే గొట్టాన్ని అయిదు చుట్లు వెనక్కి తిప్పితే, పరుచుకున్న రంగంతా మళ్లీ కూడుకుంటూ వచ్చి మొదట వేసిన చోటే బొట్టుగా నిలుస్తుంది. అంచులు కాస్త మసకబారి ఉంటాయి, అంతే. బ్రిటిష్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ 1960లలో విద్యార్థుల కోసం తీసిన ఒక ఫిల్ములో దీన్ని చేసి చూపించారు.

గ్లిజరిన్ తీసేసి నీళ్లు పోస్తే ఇది జరగదు. ఎన్ని చుట్లు వెనక్కి తిప్పినా రంగునీళ్లే మిగులుతాయి.

ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. ప్రవాహాలు వెనక్కి మళ్లకపోవడానికి కారణం స్నిగ్ధత, అంటే ద్రవం లోపలి రాపిడి అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 30 డిగ్రీల దగ్గర గ్లిజరిన్ స్నిగ్ధత నీటికి దాదాపు 750 రెట్లు. ఆ లెక్కన గ్లిజరిన్ అసలు వెనక్కి రాకూడదు, నీరు ఎంతో కొంత రావాలి. జరిగేది సరిగ్గా తలకిందులు.

పాఠ్యపుస్తకం తప్పు చెప్పలేదు. అనుత్క్రమణీయత, అంటే జరిగింది వెనక్కి మళ్లకపోవడం, అనే ఒక్క పేరు కింద మనం రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నాం. ఒకటి శక్తి పద్దు: ప్రవాహాన్ని నడపడానికి పెట్టిన పని తిరిగి చేతికొస్తుందా, లేక వేడిగా మారిపోతుందా? రెండోది చోటు పద్దు: ద్రవంలో ప్రతి చుక్కా తాను బయల్దేరిన చోటికి చేరగలదా? గ్లిజరిన్‌లో మొదటి పద్దు పూర్తి నష్టం, రెండోది దాదాపు పైసాతో సహా సరిపోతుంది. వీటిని విడివిడిగా రాసుకోకపోతే ఈ విషయంలో ఏ లెక్కా తేలదు.

ప్రయోగం చేయాలంటే

కర్నూలు, కడప, అనంతపురం డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ ల్యాబులో ఇది చేయడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. బయటి గొట్టం లోపలి వ్యాసం 8 సెంటీమీటర్లు, లోపలి గొట్టం బయటి వ్యాసం 6 సెంటీమీటర్లు ఉంటే సందు ఒక సెంటీమీటరు వస్తుంది. 12 సెంటీమీటర్ల ఎత్తుకు పోయడానికి సుమారు 300 మిల్లీలీటర్ల గ్లిజరిన్ చాలు. లోపలి గొట్టం అడుగున మూసి ఉండాలి, ఇరుసు పైనా కిందా ఊగకుండా కూర్చోవాలి. చుట్టుకు పది సెకన్ల చొప్పున తిప్పాలి. అంతకంటే నిదానంగా తిప్పితే మంచిదనిపిస్తుంది గానీ కాదు, ఎందుకో కింద వస్తుంది.

ఎక్కువమంది ప్రయోగం చెడేది రంగు దగ్గర. రంగును నీళ్లలో కలిపి వేస్తే ఆ బొట్టు గ్లిజరిన్ కంటే తేలిక కనుక పైకి లేస్తూ పోతుంది. లేచిన ఎత్తు వెనక్కి తిప్పినంత మాత్రాన తగ్గదు. కాబట్టి అదే సీసాలోని గ్లిజరిన్‌లో కాస్త పొడి రంగు కలిపి, గాలి బుడగలు పోయేదాకా ఒక పూట కదలకుండా ఉంచి, పొడవాటి సూదితో సందు నడిమధ్యన, సగం లోతులో, నెమ్మదిగా 5 మిల్లీమీటర్ల బొట్టు వదలాలి. సూదిని తీసేటప్పుడు నిలువుగా, తొందర లేకుండా తీయాలి. గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలం సీసా తెరిచి పెడితే పైపొర పలచబడి, పైనా కిందా ఒకే ద్రవం కాకుండా పోతుంది.

మన వేసవి ఇంకో సమస్య. 20 డిగ్రీల దగ్గర గ్లిజరిన్ స్నిగ్ధత 1.4 పాస్కల్-సెకన్లు, 30 దగ్గర 0.6, 40 దగ్గర 0.28. ఎనిమిది తొమ్మిది డిగ్రీలకోసారి సగమవుతుందన్నమాట. మే నెలలో కిటికీ పక్కన పెట్టి చేస్తే ఎండ తగిలే వైపు ఒక చిక్కదనం, నీడ వైపు ఇంకో చిక్కదనం వస్తాయి. పైగా వేడెక్కిన భాగం తనంతట తానే పైకి కదులుతుంది. పొద్దున్నే చేయడం మేలు. గ్లిజరిన్ దొరక్కపోతే ఆముదం వాడొచ్చు. సాంద్రతను కూడా కలిపి లెక్క వేస్తే 30 డిగ్రీల దగ్గర రెండూ దాదాపు సమానం, ఆముదానికి తేమ బెడద కూడా లేదు. రంగు మాత్రం నూనెలో కరిగేది కావాలి.

రంగు ఎందుకు వెనక్కి వస్తుంది

ప్రవాహంలో జడత్వానికీ స్నిగ్ధతకూ మధ్య ఎవరిది పైచేయో చెప్పే సంఖ్య రేనాల్డ్స్ సంఖ్య. వేగాన్ని సందు వెడల్పుతో, సాంద్రతతో గుణించి స్నిగ్ధతతో భాగిస్తే వస్తుంది. పై కొలతలకు లోపలి గోడ వేగం సెకనుకు 1.9 సెంటీమీటర్లు. 30 డిగ్రీల గ్లిజరిన్‌లో రేనాల్డ్స్ సంఖ్య 0.4, అదే నీళ్లలో సుమారు 240.

ఒకటి కంటే బాగా తక్కువైతే జడత్వాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు. అప్పుడు మిగిలే స్టోక్స్ సమీకరణాల్లో కాలం అనే అంశమే ఉండదు. ఈ క్షణాన గోడ ఎటు కదులుతోందన్న ఒక్క సంగతే ఈ క్షణాన ద్రవమంతా ఎటు కదలాలో నిర్ణయిస్తుంది. గోడ ఆగిన వెంటనే ద్రవం ఆగుతుంది. గోడ వేగం గుర్తు మారిస్తే ద్రవంలో ప్రతి బిందువు వేగమూ గుర్తు మారుస్తుంది. నిన్న ఎంత వేగంగా తిప్పారు, నడుమ ఎంతసేపు ఆపారు అన్నవి దానికి పట్టవు, మొత్తం ఎన్ని చుట్లు అన్నదే లెక్క. ముందుకు గబగబా తిప్పి వెనక్కి మెల్లగా తిప్పినా బొట్టు అదే చోటికి వస్తుంది. బాక్టీరియా లాంటి సూక్ష్మజీవులు తెడ్డు వేసినట్టు తోకను ముందుకూ వెనక్కూ ఊపి ఈదలేకపోవడానికి కారణం ఇదేనని భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1976లో చెప్పారు. వాటి కొలతలో నీరే వాటికి గ్లిజరిన్. ముందుకు ఊపి సంపాదించింది వెనక్కి ఊపగానే పోతుంది. అందుకే అవి మర (స్క్రూ) లాంటి తోకను గుండ్రంగా తిప్పుతాయి.

ఇంతలో శక్తి పద్దు ఏమైంది? ముందుకు తిప్పడానికి చేసిన పని మొత్తం వేడిగా పోయింది. వెనక్కి తిప్పేటప్పుడు ద్రవం ఏమీ తిరిగివ్వలేదు, మళ్లీ అంతే పని చేయించుకుంది, అదీ వేడైంది. మొత్తం కలిపి ఒక జౌలులో పదో వంతు కూడా ఉండదు కనుక చేతికి తెలియదు. బొట్టు మొదటి చోటికి వచ్చింది గానీ గ్లిజరిన్ రవ్వంత వేడెక్కి ఉంది. స్ప్రింగును నొక్కి వదిలినట్టు కాదు ఇది.

మరి అంచులు మసకబారడం ఎందుకు? రంగు అణువులు ప్రవాహంతో పాటు తమంత తామూ చెదురుతుంటాయి. ఈ విసరణం గ్లిజరిన్‌లో చాలా మెల్లగా సాగుతుంది. నిలకడగా ఉన్న బొట్టు అయితే నిమిషంన్నరలో మిల్లీమీటరులో నూరో వంతు మేర చెదురుతుంది. కానీ తిప్పుతున్నప్పుడు రంగు అణువు పక్క పొరలోకి జరిగితే ఆ పొర వేగం వేరు, అది మోసుకుపోయే దూరం వేరు. వెనక్కి తిప్పినా ఆ అణువు తన పాత దారి పట్టదు. అందువల్ల అయిదు చుట్లు ముందుకు, అయిదు వెనక్కి తిప్పేసరికి మసక ఒక మిల్లీమీటరు ప్రాంతానికి చేరుతుంది. అదే వేగంతో నాలుగు రెట్లు ఎక్కువ చుట్లు తిప్పితే మసక నాలుగు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు. ఇరవై చుట్లకు బొట్టు ఆనవాలు దాదాపు పోతుంది. అన్నే చుట్లను తక్కువ సమయంలో ముగిస్తే మసక తగ్గుతుంది, అందుకే మరీ నిదానం పనికిరాదన్నది. అలాగని వేగం పెంచితే రేనాల్డ్స్ సంఖ్య ఒకటి దాటి జడత్వం లోపలికొస్తుంది. చుట్టుకు పది సెకన్లన్నది ఈ రెండింటి నడుమ రాజీ.

చోటు పద్దు చెడడానికి మూలం ఇదే. ప్రవాహం ఒక్కటే దాన్ని చెడపలేదు. బయటినుంచి ఒక చిన్న పొరపాటు రావాలి, దాన్ని పెద్దది చేసే యంత్రాంగం ప్రవాహంలో ఉండాలి. సాదా గుండ్రటి ప్రవాహంలో పొరపాటు చుట్ల సంఖ్యతో పాటు నిదానంగా పెరుగుతుంది. రెండు గొట్టాలనూ ఒకే ఇరుసు మీద కాకుండా పక్కకు జరిపి, ఒకసారి లోపలిదీ ఒకసారి బయటిదీ తిప్పితే కథ మారుతుంది. ద్రవం సాగి, మడతపడి, మళ్లీ సాగుతుంది. పొరపాటు ప్రతి మడతకూ రెట్టింపవుతూ పోతుంది. మార్చి మార్చి తిప్పితే ఇలా జరుగుతుందని 1984లో శాస్త్రవేత్త హసన్ ఆరెఫ్ రెండు సుడుల నమూనా మీద లెక్కగట్టి చూపించారు. స్నిగ్ధత తగ్గకుండానే, అలజడి లేకుండానే, కలిసిపోవడం సాధ్యమని అప్పుడు తేలింది. తిప్పిన వరుసను అచ్చంగా తలకిందులు చేస్తే గణితం ప్రకారం అదీ వెనక్కి రావాలి. చేతిలో పని రానివ్వదు.

ద్రవంలో గింజలుంటే పొరపాటు బయటినుంచి రావాల్సిన అవసరం కూడా లేదు. డేవిడ్ పైన్, జెర్రీ గొల్లబ్ బృందం 2005లో చిక్కటి ద్రవంలో సన్నటి ప్లాస్టిక్ పూసలు కలిపి ఇలాంటి గొట్టాల నడుమే ముందుకూ వెనక్కూ ఊపింది. ఊపు చిన్నదిగా ఉన్నంతసేపు ప్రతి విడత చివరా పూసలన్నీ తమ చోటికి వచ్చాయి. ఒక హద్దు దాటగానే రావడం మానేశాయి. పూసలు ఎంత కిక్కిరిసి ఉంటే ఆ హద్దు అంత తక్కువ. రెండు పూసలు బాగా దగ్గరైనప్పుడు వాటి గరుకు ఉపరితలాలు ఒకదాన్నొకటి తాకి నెట్టుకుంటాయి, ఆ నెట్టుడు స్టోక్స్ సమీకరణాల లెక్కలోది కాదు. చుట్టూ ఉన్న పూసల కదలికలు దాన్ని పెంచి పెద్దది చేస్తాయి. 2008లో వాళ్లే ఇంకో విశేషం కనిపెట్టారు. హద్దు లోపల ఊపినప్పుడు పూసలు మొదట కొద్దిసేపు ఢీకొంటూ, క్రమంగా ఒకదాన్నొకటి తాకని అమరికకు చేరుకుని, ఆ తర్వాత వెనక్కి రావడం మొదలుపెడతాయి. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి పొడి చమురు బావుల డ్రిల్లింగ్ మడ్డిలో బరువు కోసం వేసేది. ఆ మడ్డి కూడా గింజలు కిక్కిరిసిన ద్రవమే. కదిలినప్పుడు గింజలు ఎటు సర్దుకుంటాయన్నది అక్కడ నిత్యం ఎదురయ్యే ప్రశ్న.

నీళ్లలో ఏం మారుతుంది

నీళ్ల దగ్గరికొస్తే జడత్వం రాజ్యం. అదే ఒక సెంటీమీటరు సందులో గోడ ఆగిన సంగతి ద్రవమంతా తెలుసుకోవడానికి గ్లిజరిన్‌లో సెకనులో అయిదో వంతు పడుతుంది, నీళ్లలో రెండు నిమిషాలు. లోపలి గొట్టం ఆపినా నీరు తిరుగుతూనే ఉంటుంది. ఇక గోడను వెనక్కి తిప్పితే ద్రవం వెనక్కి మళ్లుతుందన్న హామీ ఎక్కడిది? పైగా రేనాల్డ్స్ సంఖ్య 240 దగ్గర ఆ సందులో నీరు గుండ్రంగా కూడా తిరగదు. ఒకదానిపై ఒకటి పేర్చిన గాజుల్లా సుడులు కడతాయి. 1923లో టేలరే వీటిని లెక్కగట్టి, ప్రయోగంలో చూపించారు.

ఊదితే ఆరే దీపం పీలిస్తే ఆరదు. నోరు అదే, గాలి అదే, దిశ ఒక్కటే మారింది. ఊదినప్పుడు గాలి ధారగా కట్టి ముందుకు పోతుంది, పీల్చినప్పుడు అన్ని వైపులనుంచీ కొంచెం కొంచెంగా వస్తుంది. పైపుల పనిలో ఈ తేడాకు రోజూ మూల్యం చెల్లిస్తాం. వెడల్పు పైపులోంచి సన్న పైపులోకి గుండ్రటి మూతితో నీరు ప్రవేశిస్తే నష్టం చాలా తక్కువ. అదే నీరు సన్న పైపులోంచి ఒక్కసారిగా వెడల్పులోకి దూకితే గోడను అంటుకుని పోలేక విడిపోయి, సుడులు కట్టి, శక్తిని పోగొట్టుకుంటుంది. ఒక అంగుళం నుంచి రెండంగుళాలకు నేరుగా కలిపిన జాయింటులో సన్న పైపులోని గతిశక్తిలో 56 శాతం అక్కడికక్కడే పోతుంది. ప్రవాహాన్ని కొలిచే వెంచురి గొట్టానికి లోపలికి వెళ్లే వైపు కోణం 21 డిగ్రీలుండి, బయటికి వచ్చే వైపు 7 నుంచి 15 డిగ్రీలే ఉండడం ఇందుకే. దాన్ని తిరగేసి బిగిస్తే కొలత తప్పుతుంది, నష్టమూ పెరుగుతుంది.

కాలువలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ లాంటి కాలువలో డ్రాప్ (నీరు మెట్టులా కిందికి దూకే చోటు) కింద సిమెంటు ఏప్రాన్ (పరిచిన నేల) మీద నీరు 30 సెంటీమీటర్ల లోతుతో, సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చిందనుకుందాం. కొద్ది దూరంలో అది నురగలు కక్కుతూ పైకి లేచి 1.1 మీటర్ల లోతుకు చేరి నెమ్మదిస్తుంది. ఇంజనీర్లు దీన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. ఇక్కడ ద్రవ్యరాశి సరిపోతుంది, ద్రవ్యవేగమూ సరిపోతుంది. శక్తి మాత్రం 1.57 మీటర్ల హెడ్ (నీటి ఎత్తు రూపంలో చెప్పే శక్తి) నుంచి 1.19కి పడిపోతుంది. కాలువ వెడల్పులో ప్రతి మీటరుకూ అయిదున్నర కిలోవాట్ల పైచిలుకు పోయినట్టు. దీన్ని తిరగేసి చూడండి: 1.1 మీటర్ల లోతున మెల్లగా వస్తున్న నీరు హఠాత్తుగా 30 సెంటీమీటర్లకు పలచబడి దూసుకుపోవాలి. ద్రవ్యరాశి సూత్రం దీనికి అడ్డు చెప్పదు, ద్రవ్యవేగ సూత్రమూ చెప్పదు. నీటిలోని వేడి తనంతట తానే పోగై వేగంగా మారాలి గనుక ఉష్ణగతిక రెండో నియమం ఒక్కటే వద్దంటుంది. జంప్ ఎటు జరగాలో తేల్చేది అదే.

ఈ లెక్కలో ఒక వింత ఉంది. ఆకస్మికంగా వెడల్పయ్యే పైపుకు గానీ, జంప్‌కు గానీ నష్టం సూత్రంలో స్నిగ్ధత కనబడదు. లోతులూ వేగాలూ తప్ప ఇంకేమీ లేవు. నష్టమంతా చివరికి స్నిగ్ధత వల్లే జరుగుతుంది, అయినా స్నిగ్ధతను సగం చేసినా నష్టం తగ్గదు. ఎందుకంటే పెద్ద సుడి చిన్న సుడులుగా చీలుతుంది, అవి ఇంకా చిన్నవిగా. స్నిగ్ధత తక్కువైతే చీలిక మరింత సన్నదాకా సాగి, అక్కడ అదే శక్తి వేడవుతుంది. 1941లో కోల్మొగొరోవ్ ఆ ఆఖరి కొలతను లెక్కించే దారి చూపారు. మన పొలాల్లో వేసే 63 మిల్లీమీటర్ల పైపులో సెకనుకు రెండు లీటర్లు పోతుంటే వంద మీటర్లకు ఒక మీటరు హెడ్ నష్టం వస్తుంది. దాన్నుంచి లెక్కిస్తే అతి చిన్న సుడి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, దాదాపు వెంట్రుక మందం. అలాంటి ప్రవాహంలో చిన్న పొరపాటు సెకనులో నూరో వంతుల లెక్కన రెట్టింపవుతుంది. చోటు పద్దు ఒక్క సెకను కూడా నిలవదు. నీటిలో రెండు పద్దులూ ఒకేచోట, ఆ సన్నటి సుడుల్లో చెడుతున్నాయి. అందుకే రెండూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది.

వేడిగా పోయిన శక్తి మాత్రం ఎందుకు రాదు? ఏ రెండు అణువులు ఢీకొన్న దృశ్యాన్ని వెనక్కి నడిపినా అది న్యూటన్ సూత్రాలకు సమ్మతమే. 1872లో బోల్ట్‌జ్‌మన్ అనుత్క్రమణీయతను అణువుల నుంచి రాబట్టినప్పుడు, 1876లో లోష్మిట్ అడిగింది ఇదే: అణువుల వేగాలన్నీ ఒకేసారి తిప్పేస్తే? తిప్పగలిగితే వెనక్కి వస్తుంది. కానీ ఒక మిల్లీలీటరు నీటిలో అణువులు 3 పక్కన 22 సున్నాలు. గోడను వెనక్కి తిప్పితే తిరిగేది సగటు వేగం మాత్రమే, అణువుల విడివిడి కదలికలు కాదు. గ్లిజరిన్‌లో చోటు పద్దుకు ఆ సగటు చాలు, శక్తి పద్దుకు ఏనాడూ చాలదు. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకంలో మల్యాల దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన నీటికి పెట్టిన కరెంటులో ఎత్తుకు పోయింది నీటిలోనే ఉంటుంది, టర్బైన్ పెడితే చాలావరకు రాబట్టుకోవచ్చు. రాపిడికి పోయింది రాదు. వంద మీటర్ల హెడ్ మొత్తం వేడైనా నీరు డిగ్రీలో నాలుగో వంతు కూడా వేడెక్కదు కనుక అది ఎక్కడికి పోయిందో ఎవరికీ కనబడదు.

చీనీ (బత్తాయి) తోటలో

ఈ నష్టాన్ని కావాలనే వాడుకునే చోటు, మొక్క మొదట్లో నీటిని చుక్కలుగా వదిలే డ్రిప్పర్. సన్నటి సాదా గొట్టమైన పాత మైక్రోట్యూబులో నీరు పొరలు పొరలుగా నెమ్మదిగా పోతుంది. ఒత్తిడి 20 శాతం తగ్గితే నీరూ 20 శాతం తగ్గుతుంది. గంటకు 4 లీటర్లు రావాల్సిన చోట 3.2 వస్తుంది. ఇప్పటి డ్రిప్పర్ల లోపల మెలికల దారిలో ప్రతి మలుపు దగ్గరా నీరు సుడి కట్టి శక్తి పోగొట్టుకుంటుంది. నష్టం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అదే ఒత్తిడి తగ్గుదలకు 3.6 లీటర్ల దాకా వస్తుంది. అనంతపురం ఎండకు, డ్రిప్పర్లుండే నల్ల గొట్టం, అంటే లాటరల్‌లో నీరు 30 నుంచి 50 డిగ్రీలకు చేరితే స్నిగ్ధత 0.80 నుంచి 0.55 మిల్లీపాస్కల్-సెకన్లకు పడుతుంది. మైక్రోట్యూబు ఆ పూట 45 శాతం ఎక్కువ వదులుతుంది, మెలికల డ్రిప్పర్ దాదాపు మారదు.

మోటారు ఆగినప్పుడు వచ్చే చిక్కు కూడా ఇక్కడిదే. వాలు చేనులో కింది డ్రిప్పర్ల గుండా నీరు జారిపోతుంటే పై వరుసల్లో వాక్యూమ్ ఏర్పడి డ్రిప్పర్లు వెనక్కి పీలుస్తాయి. వదిలింది శుభ్రమైన నీరు, పీల్చేది నోటి చుట్టూ ఉన్న బురదనీరు. లోపలికి పోయిన మట్టి మలుపుల్లో సుడులు కట్టే మూలల్లో దిగబడుతుంది, మర్నాడు మోటారు వేసినా అదే దారిన బయటికి రాదు. మెయిన్ ఫిల్టరు దాన్ని ఆపలేదు, అది రెండో వైపు ఉంది. ఈ వరుసలన్నిటికీ నీరిచ్చే సబ్‌మెయిన్‌లో అన్నిటికంటే ఎత్తైన చోట ఎయిర్ వాల్వు పెడితే, మోటారు ఆగగానే గాలి అటునుంచి లోపలికి వచ్చి డ్రిప్పర్లు మట్టిని పీల్చకుండా ఉంటాయి.